పిలిచిన పలుకు పెట్టె



సౌదీ అరేబియా తూర్పు తీరమున దమ్మాము, ఖోబరు, జుబేలు పట్టణములలో బ్రతుకుతెరువునకై వచ్చి నిలిచిన మా తెలుగువారి దినచర్య యంతయు కార్డులతో ముడివడి యున్నది. తెల్లవారుజామున కంపెనీ బస్సు దిగినది మొదలు ఫ్యాక్టరీ గేటువద్ద నొకటి, హాజరు యంత్రమువద్ద నొకటి, మెస్సులో భోజనమునకు వేరొకటి, ఇక జేబులో ప్రాణముతో సమానముగా దాచుకొను అకామా యను నివాసానుమతి కార్డు సరేసరి. వీనిలో నేది పోయినను ఆ పూటకు మనిషి చెల్లని కాసు. మనము ఫలానా వారమని ఎదుటివారికి సాక్ష్యము చెప్పుటకే యీ కార్డులన్నియు పుట్టినవి. అట్టి కార్డునే యొకదానిని తీసి, దానిపై తిరుమల గోపురపు బొమ్మ నతికించి మా యమ్మ చేతి కిచ్చి, ఆమె దాని నొక కొయ్యపెట్టెపై నుంచగానే సుప్రభాతము వినవచ్చునట్లు చేయు విధ మెట్టిదో, అందు నిజముగా కష్టమైన భాగ మేదో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

పెట్టె చూచుటకు ఘనమైనదేమియు కాదు. అల్ హసా ఒయాసిస్సునుండి ఖలాసు ఖర్జూరములు వచ్చిన పలుచని కొయ్యపెట్టె యది. ఆ ఒయాసిస్సులో 25 లక్షలకు మించిన ఖర్జూరవృక్షము లున్నవనియు, 2018 లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినదనియు అందరు నెరిగినదే. అంత వైభవములో మా వంతునకు వచ్చిన దీ పెట్టె. ముందువైపున స్పీకరునకు గుండ్రని రంధ్రము, ప్రక్కన ధ్వనిని హెచ్చించుటకును తగ్గించుటకును ఒక గుండీ, వెనుక కరెంటు తీగ. తెర లేదు, మీటలు లేవు. మూతపై కార్డు నుంచిన పాట మొదలగును, తీసిన నాగును, మరల నుంచిన, ఆగినచోటి నుండి యందుకొనును.

ఇది దేనికని అడుగవచ్చును. ప్రపంచమునందలి పాటలన్నియు చేతిఫోనులో నిమిడియుండగా ఈ అవస్థ యేల యని మా ఇంటికి వచ్చిన ప్రతి మిత్రుడును అడిగినవాడే. విజిట్ వీసాపై కోనసీమనుండి వచ్చి మా యింట నున్న మా యమ్మ ఫోనులో నొక పాట వినదలచినచో ఏమేమి చేయవలెనో ఒక మారు దగ్గరనుండి చూచినవారి కీ ప్రశ్న తోచదు. మొదట తాళము తీయవలెను. పిమ్మట కొలువుదీరిన బొమ్మలలో సరియైనదానిని గుర్తింపవలెను. పేరు వ్రాయవలెను, లేదా ఫోనుతో బిగ్గరగా మాటాడవలెను. వచ్చిన పట్టికలో అసలు గాయకుని పాట యేదో, అనుకరణ యేదో పోల్చుకొనవలెను. అంతలో వచ్చిపడిన ప్రకటనను దాటవలెను. దీనికి తోడు ఎడారిగాలికిని ఏసీ చలువకును ఎండిపోయిన ముసలివ్రేలిని ఆ గాజుతెర యొక్కొక్కప్పుడు వ్రేలుగానే గుర్తింపదు. రెండుసార్లు నొక్కినను ఊరకుండి మూడవసారి రెండు గంతులు వేయును. ఘంటసాల కావలెనని కూర్చున్న మనిషికి మసాలాపొడి ప్రకటన వినిపించుచుండగా, ఆమె ఫోనును బోర్లించి, "తర్వాత అబ్బాయి వచ్చాక వింటాలే" యని వంటయింటిలోనికి బోవును. డెబ్బది యేండ్లు దాటిన తల్లి తనకు నచ్చిన పాట వినుటకు కొడుకు ఆఫీసునుండి వచ్చువరకు కనిపెట్టుకొని యుండవలసిన సౌకర్యము నాకు సౌకర్యముగా తోచలేదు.

వెనుకటి సాధనములు ఆమెకు చక్కగా వచ్చును. గ్రామఫోను ప్లేటు నెట్లు పట్టుకొనవలెనో, క్యాసెట్టు ఏ ప్రక్కకు త్రిప్పిపెట్టవలెనో ఆమె చేతులు మరువలేదు. మరి వానినే తెప్పింపరాదా యన్నచో, ఈ దేశపు గాలియు కరెంటును వానికి గిట్టవు. జూన్, జూలై మాసములలో షమాల్ అను వాయవ్యపు గాలి వీచినప్పుడు తలుపులు, కిటికీలు ఎంత బిగించినను పొడివంటి యిసుక ఇంటిలో పొరగట్టును. ప్లేటు గాడిలో నిది చేరిన ముల్లు గీచుకొనిపోవును, క్యాసెట్టు యంత్రపు రబ్బరుచక్రమునకు పట్టిన టేపును నమలివేయును. పోనీ, జాగ్రత్తగా దాచితిమే యనుకొందము. మనదేశమున కరెంటు సెకనుకు 50 ఆవర్తనముల గతితో నడచును, ఇక్కడ 60. కరెంటు గతి ననుసరించి తిరుగు మోటారుగల పాత గ్రామఫోను నొకదానిని మనయూరినుండి తెచ్చి ఇక్కడ తగిలించినచో, ప్లేటు ఐదింట నొకవంతు వేగము హెచ్చి తిరుగును; శ్రుతి కూడ అదే నిష్పత్తిలో పైకెగబ్రాకి, షడ్జము పలుకవలసినచోట సాధారణ గాంధారము పలుకును. ఆరింటికి ఐదు పాలన్నది సరిగా ఆ స్వరముయొక్క నిష్పత్తియే. సంగీతజ్ఞులైన శ్రోతలు దీనిని తలచుకొని నవ్వుకొందురు గాక. ఇంటిల్లిపాదికి మాత్రము ఘంటసాల గొంతు చిన్నపిల్లవాని గొంతుగా వినవచ్చును.

కార్డునకు ఈ బాధలు లేవు. అది దేనిని తాకదు, దేనిలోనికి దూరదు, తిరుగదు, అరుగదు. తెల్లని ప్లాస్టిక్కు రేకు రెండు పొరలుగా నుండి, వాని నడుమ సన్నని రాగితీగ నాలుగైదు చుట్లుగా పరచి, ఆ తీగకొనల నొక యిసుకరేణువంత చిప్పు నతికింతురు. లోపల బ్యాటరీ యన్నది లేదు. పెట్టెమూత క్రింద నున్న రీడరు తన తీగచుట్టలో సెకనుకు ఒక కోటి ముప్పదియైదు లక్షల అరువదివేల సార్లు దిశ మారు విద్యుత్తును నడపును. 1831 లో మైకేల్ ఫారడే కనుగొనిన ప్రేరణసూత్రము చొప్పున ఆ చుట్టయొక్క అయస్కాంతక్షేత్రము కార్డులోని చుట్టలో విద్యుత్తును పుట్టించును. ఆ పుట్టిన కొద్దిపాటి శక్తితోనే చిప్పు మేల్కొని తన సంఖ్యను చెప్పును. చెప్పుటయు గొప్పగా చెప్పదు: తాను గ్రహించు శక్తిని ఒకమారు హెచ్చుగాను, ఒకమారు తక్కువగాను చేయుచుండును, ఆ మార్పును రీడరు పసిగట్టును. ఎదుటివాడు ప్రసరించిన శక్తినే తిరుగవేసి వార్త పంపవచ్చునని హ్యారీ స్టాక్‌మన్ అను ఇంజనీరు 1948 లోనే వ్యాసము వ్రాసినాడు. అదే సంవత్సరము డిసెంబరు 1 న మన విజయవాడ ఆకాశవాణి కేంద్రము మొదలయినది గనుక, రేడియో శ్రోతలకు ఆ యేడు గుర్తుండుట కష్టము కాదు. ఇంకొక విశేషము: పాత రేడియోలలో షార్ట్‌వేవ్ 22 మీటర్ల పట్టీ యని యొకటి యుండెడిది, అది 13.57 మెగాహెర్ట్జులవద్ద మొదలగును. ఈ కార్డుల పౌనఃపున్యము 13.56. అనగా ఖండాంతరముల వార్తలు మోసిన తరంగములకు ఇరుగుపొరుగు తరంగమే మా పెట్టెమూతపై నాలుగువ్రేళ్ళ దూరమున పని చేయుచున్నది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. చాలమంది పాట కార్డులో నున్నదనుకొందురు. మిఫేర్ అను రకపు సామాన్యమైన కార్డులో మొత్తము చోటు 1024 బైట్లు. పాటలో అరసెకనైనను అందు పట్టదు. అది గుడిముందర చెప్పుల స్టాండులో నిచ్చు బిళ్ళవంటిది: బిళ్ళపై నంకె మాత్రమే యుండును, చెప్పులు మరియొకచోట నుండును. పెట్టెలోనున్న చిన్న కంప్యూటరు ఆ యంకెను చూచి, తన పట్టికలో వెదకి, మెమరీకార్డులోనున్న ఆ పాటను స్పీకరునకు పంపును. పట్టికలో అంకె లేదా, పెట్టె మౌనము వహించును. మా గేటు కార్డులలో గొన్ని యీ జాతివే గనుక వానిని కూడ చదువగలదు. జుబేలునుండి వచ్చిన యొక మిత్రుడు తన హాజరు కార్డును పెట్టెపై నుంచి చూచి, ఏమియు పలుకకపోగా, "డ్యూటీకి పాట లేదన్నమాట" యని తీసి జేబులో వేసికొనెను.

పూర్వపు యంత్రగానమున ఇట్లు కాదు. పాట ఆ వస్తువులోనే యుండెడిది. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో బనూ మూసా యను ముగ్గురు సోదరులు నీటివేగముతో తానే పిల్లనగ్రోవి నూదు యంత్రమును నిర్మించి, తిరుగు పీపాపై మేకులు నాటి, ఆ మేకుల వరుసచేతనే రంధ్రముల మూతలు లేచునట్లు గావించిరి. మేకుల వరుస మార్చిన పాట మారును. అరబ్బుభాష మాటాడు నేలపై కూర్చుండి సంగీతపు పెట్టె చేయువాడు ఆ సోదరులకు ఒక నమస్కారము పెట్టక సుత్తి చేతబట్టరాదు. వెయ్యేండ్లు గడచిన పిమ్మట, 1892 లో, పారిసునందలి గావియోలీ సంస్థవారు తిరునాళ్ళ ఆర్గనులకు బెజ్జములు పొడిచిన అట్టలను పుస్తకమువలె మడచి పెట్టు పద్ధతిని పేటెంటు చేసిరి. అట్టయే పాట, అట్ట చినిగిన స్వరము తప్పును. గ్రామఫోను ప్లేటునకు గాడి యుండెను, క్యాసెట్టునకు అయస్కాంతపు పూత యుండెను. మా కార్డు వట్టి పేరు. పోయినచో మరియొక కార్డునకు ఆ పేరు పెట్టుకొనవచ్చును, పాటకు వచ్చిన నష్టము లేదు.

పని చేయదలచిన శ్రోతలకు నిర్మాణపు సంగతులు క్లుప్తముగా చెప్పెదను, ఏలయన నివి నేర్చుకొనుటకు కష్టములు కావు. రాస్ప్‌బెర్రీ పై యను చిన్న కంప్యూటరు 2012 నుండి దొరకుచున్నది. ఆర్‌సీ 522 చిప్పుగల రీడరు బోర్డు చవుక. రెంటిని ఏడు తీగలతో కలుపవలెను. రీడరునకు 3.3 వోల్టులే యీయవలెను, ఐదు వోల్టుల కాలికి తగిలించిన కాలిపోవచ్చును. పాటల పట్టికను నడపుటకు ఫోనీబాక్స్ అను ఉచితమైన సాఫ్ట్‌వేరు కలదు. తెర లేక కార్డులతోనే నడచునట్లు దానిని చేసియే పెట్టినారు. జర్మనీలో 2016 నుండి విక్రయమగుచున్న టోనీబాక్స్ అను పిల్లల పెట్టె యిట్టిదే. అందు కార్డునకు బదులు చిన్న బొమ్మ నుంతురు, బొమ్మ తన కథ తాను చెప్పును. అంగటిలో వస్తువు దొరకుచుండగా ఇంట చేసికొననేల యన్నచో, అందు మా యమ్మ పాట లుండవు.

జాగ్రత్తలు రెండు మూడు మాత్రము ఆగి చెప్పదగినవి. పెట్టె యినుపరేకుది కాని తగరపుది కాని కారాదు. లోహములో ఎదురువిద్యుత్తు పుట్టి రీడరు క్షేత్రమును మ్రింగివేయును, కార్డు మూతపై పడియున్నను దానికి కానరాదు. బిస్కత్తుల డబ్బా ఎంత అందముగా నున్నను దానిని వంటయింటికే విడిచిపెట్టుడు. రెండవది వేడిమి. ఆ చిన్న కంప్యూటరు 80 డిగ్రీలు దాటినచో తన వేగమును తానే తగ్గించుకొనును. కిటికీప్రక్క ఎండలో పెట్టరాదు, ప్రక్కలకు గాలిరంధ్రములు చేయవలెను, ఆ రంధ్రములకు ఇసుక రాకుండ పలుచని గుడ్డ గట్టవలెను. ఆగస్టులో కారు అద్దముక్రింద మరచిన కార్డు అప్పడమై వంకరపోవును గావున పాటలను కారులో వదలరాదు. మూడవది, కంప్యూటరు వ్రాయుచుండగా ప్లగ్గు పెరికినచో మెమరీకార్డు చెడవచ్చును. పెద్దవారికి "మొదట ఆపి తరువాత ప్లగ్గు తీయుము" అని బోధింపబూనుట వృథా గనుక, మెమరీకార్డును చదువుటకే గాని వ్రాయుటకు వీలులేనట్లు అమర్చుకొనుట మేలు.

కష్టమైన భాగము ఇక్కడినుండి ఆరంభమగును. తీగలు కలుపుట ఒక సెలవుదినపు పని. ఏ పాటకు కార్డు కావలెనో తేల్చుకొనుట నెలల పని. మెమరీకార్డులో వేలకొలది పాటలు పట్టును, కాని మా యమ్మ ఒడిలో పట్టునవి ముప్పది కార్డులు. అంతకు మించినచో మరల వెదుకులాట మొదలగును, వెదుకులాట యున్నచో ఫోనే మేలు. కాబట్టి ఏ పాటకు స్థానమీయవలెనన్నను మరియొకదానిని లేపవలెను. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి 1963 లో పాడియిచ్చిన వేంకటేశ సుప్రభాతమునకు పోటీ లేదు. ఘంటసాలకు ఎన్ని? మా యమ్మ లెక్కలో ఆయన సినిమా పాటలు వేరు, పద్యములు వేరు, 1974 లో ఆయన కన్నుమూయుటకు ముందు రికార్డు చేసిన భగవద్గీత వేరు. మూడింటికి మూడు కార్డులు కావలెనన్నది. ఒక బుఱ్ఱకథ, ఒక హరికథ, మంగళంపల్లివారి తత్త్వములు. పెండ్లిపాటలు తీసివేయుద మన్నచో, "పాడేవాళ్ళు లేని దేశంలో అవే ఉండాలిరా" యని వెనుకకు పెట్టినది. మా ఐదేండ్ల అమ్మాయి తన వంతుగా మూడు కార్డులు సంపాదించి వానిపై తానే బొమ్మలు గీచుకొన్నది. ఏనుగువలె నున్నది చందమామపాట యట, మనము నమ్మవలెను.

ఆ ముప్పదింటిలో ఒక కార్డు తలాల్ మద్దాహ్‌ది. ఈ దేశపు సంగీతమున ఆయన స్థానము మనకు ఘంటసాల స్థానమువంటి దనుట సాహసము కాదు. 2000 ఆగస్టు 11 న అభా నగరపు వేదికపై ఊదు వాద్యము చేతబట్టి పాడుచు పాడుచు కుప్పకూలి ఆనాడే అసువులు బాసెను. మా యమ్మకు భాష తెలియదు. ఐనను ఒకనాడు ప్రొద్దుగూకువేళ ఆ కార్డు తానుగా తీసి పెట్టి, "వీడెవడో బాగా ఏడుస్తున్నాడురా" యన్నది. మెచ్చుకోలని నేను గ్రహించితిని.

ముప్పది కార్డులలో మా యింటివి కానివి కూడ ఒకటి రెండు చేరినవి. జగిత్యాల ప్రాంతపు మిత్రుడొకడు జుబేలులో వెల్డరు. అతని తండ్రి 1980 దశకములో ఈ తీరమునకే కూలికి వచ్చి, తిరిగిపోవునపుడు ఒక టూ ఇన్ వన్ టేపురికార్డరును, కొన్ని క్యాసెట్లను తీసికొనిపోయెను. ఉత్తరము వ్రాయుట రాని యిండ్లలో ఆనాడు క్యాసెట్టే ఉత్తరము. ఊరినుండి సెలవు ముగించుకొని వచ్చువాని సంచిలో ఆవకాయ సీసాతోపాటు ఒక గొంతు కూడ గల్ఫునకు ప్రయాణము చేసెడిది. మిత్రుడు వానిలో రెండింటిని తెచ్చి, "అన్నా, గీ క్యాసెట్ల మా అవ్వ గొంతున్నది. పాడు కాకముందే ఏమన్న చెయ్యరాదె" యని నా చేతిలో పెట్టెను.

టేపును కంప్యూటరులోనికి ఎక్కించుటకు దగ్గరిదారి లేదు. అరువది నిమిషముల క్యాసెట్టునకు అరువది నిమిషములు కూర్చుండవలసినదే. ఏండ్లతరబడి చుట్టగా నుండుటచే ఒక పొర అయస్కాంతత్వము ప్రక్కపొరకు సోకి, అవ్వ "కొడకా" యని పిలువకముందే ఆ పిలుపుయొక్క నీడ సన్నగా ఒకమారు వినవచ్చుచుండెను. తరువాత మాటలు: బావిలో నీళ్ళు అడుగంటినవి, బర్రె యీనినది, దుడ్డె పుట్టినది, పంపిన పైసలలో సగము వడ్డీకే పోయినవి, ఫలానావారి పిల్లకు లగ్గము, నడుమ కోడికూత, ఎవరో తలుపు తీసిన చప్పుడు, అవ్వ ఎవరినో కసరుట. నేను రొదను తగ్గించు సాఫ్ట్‌వేరు పెట్టబోగా మిత్రుడు చేయి యడ్డము పెట్టెను. రొద పోయిన కోడికూత కూడ పలుచబడుచున్నదట. రెండు ప్రక్కలును ఉన్నవి యున్నట్లు ఎక్కించితిమి. కార్డుపై నంటించుటకు అవ్వ ఫోటో యేదియు వారింట లేదు. అతడు నల్లస్కెచ్చుపెన్నుతో "అవ్వ" అని వ్రాసికొని, నకలు కార్డొకటి మా పెట్టెకే యుంచి, తనకొక పెట్టె కావలెనని సామాను పట్టిక వ్రాయించుకొనిపోయెను. క్యాంపులో ఒక గదికి ఆరుగురు గనుక, స్పీకరు బదులు చెవిలో పెట్టుకొను సాధనమునకు రంధ్రము చేయుమని కోరినాడు.

ఇరుగుపొరుగు మర్యాదకు సంబంధించిన యేర్పా టొకటి కలదు. మా వీథిలో మసీదు దగ్గర; అజాను వినవచ్చునప్పుడు పాట తగ్గించుట ఇక్కడ నివసించువారికి చేతిలో పడిన యలవాటు. పెట్టె దానిని తానే చేయగలదు. ఈ దేశమున నమాజువేళలను మక్కాలోని ఉమ్ముల్ ఖురా విశ్వవిద్యాలయపు పద్ధతి చొప్పున గణింతురు: సూర్యుడు తూర్పున దిగంతమునకు 18.5 డిగ్రీల దిగువ నున్నప్పుడు ఫజ్ర్ అను వేకువ నమాజు. సూర్యాస్తమయపు నమాజునకు 90 నిమిషముల పిమ్మట ఇషా అను రాత్రి నమాజు, రంజాను మాసమున ఆ 90 నిమిషములు 120 అగును. సూర్యగతి తెలిసిన కంప్యూటరునకు ఇది చిటికెలో లెక్క. ఆ వేళలకు పెట్టె కొన్ని నిమిషము లాగి మరల నందుకొనును. ఆగినపుడు మా యమ్మ చెడిపోయినదేమోయని మూత తట్టుట మానివేసి, ఇప్పుడు గడియారమునకు బదులుగా దానినే చూచుకొనుచున్నది.

మిగిలిన చిక్కెల్ల ముప్పదవ కార్డుతో వచ్చినది. అది పాటకు గాక, అంతర్జాలముద్వారా వచ్చు విజయవాడ ఆకాశవాణి ప్రసారమునకు ముడిపెట్టినది. మా యమ్మ ప్రత్యేకముగా అడిగి చేయించుకొన్నది. తక్కిన కార్డులు ఎప్పుడు పెట్టిన నప్పుడు ఒకే పాట పాడును. ఇది మాత్రము ఆ నిమిషమున అక్కడ ఏమి వచ్చుచున్నదో దానినే వినిపించును. మనదేశపు గడియారము ఇక్కడికంటె రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయము ఏడుగంటలకు జనము కాఫీ త్రాగుచు రేడియో వినుచుండగా ఇక్కడ నాలుగున్నర. ప్రాంతీయ వార్తల వేళకు మా యింట అందరును గాఢనిద్రలో నుందురు. మేము లేచి కార్డు పెట్టువేళకు అక్కడ వార్తలు చల్లారి మరేదో కార్యక్రమము నడచుచుండును. వార్తలను పెట్టె తానే రికార్డు చేసి దాచియుంచి మనకు ఏడైనప్పుడు వినిపించునట్లు చేయుట పది పంక్తుల ప్రోగ్రాము, చేసి చూపించితిని. మా యమ్మ రెండుదినములు విన్నది. మూడవనాడు, "పాచివార్తలు నాకెందుకురా? అక్కడ వాన కురిసేప్పుడు నాకూ కురవాలి గాని" యని ఆ యేర్పాటు తీసివేయించినది. ఇప్పుడు ఫజ్ర్ అజానుతోపాటే లేచి, హాలులో దీపము వెలిగించి, ముప్పదవ కార్డు పెట్టి కూర్చుండును. వార్తలు ముగిసినతోడనే గోదావరిలో నీటిమట్ట మెంతయున్నదో నన్ను నిద్రలేపి చెప్పును.